మంద ఏం మేసింది

ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైందని సమ్మవ్వకు టీవీ చెప్పలేదు, దాణా బస్తా చెప్పింది. పోయిన నెల దాకా నలభై దిర్హాములున్న తవుడు బస్తా ఒక్కసారిగా అరవైకి ఎక్కి కూర్చుంది. గడ్డి మోపు సంగతి అడగనే వద్దు. లారీవాడు చెప్పిన ధర విని మంద యజమాని, ముసలి అర్బాబ్, ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, దొడ్డిలోని నూట అరవై నాలుగు మేకల వైపు చాలాసేపు చూశాడు.

"ఒకప్పుడు వీటిని మేం తినేవాళ్ళం. ఇప్పుడివి మమ్మల్ని తింటున్నాయి," అన్నాడు.

పక్కనే ఉన్న కొడుకు ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు అందుకున్నాడు. బక్రీదుకు మంచి ధర వస్తుంది, అన్నిటినీ అమ్మేద్దాం, ఖలాస్ అన్నాడు.

పాల తపేలా పట్టుకుని నిలబడ్డ సమ్మవ్వ ఆ మాట విన్నది. మేకలు పోతే తనెక్కడికి పోవాలో ఆమెకు బాగా తెలుసు. షార్జాలో అర్బాబ్ కూతురి ఇంటికి. పదకొండో అంతస్తు. జగిత్యాల దిక్కు నుంచి ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, వచ్చి ఆ ఇంట్లో ఆరేళ్ళు చేసింది. ఆ ఆరేళ్ళలో నేల మీద కాలు పెట్టిన రోజులు చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బాల్కనీ తలుపుకు తాళం. ఫోను మేడమ్ బీరువాలో. అంట్లు తోముతూ కిటికీ అద్దంలోంచి కింద కనబడే కార్లను చూసి, చీమలకైనా బయట తిరిగే రాత ఉందని అనుకునేది.

కరోనా వచ్చి ఆ ఇంట్లోని ముసలామె పోయాక పని తగ్గి, ఫలజ్ అల్ ముఅల్లా దగ్గరున్న అర్బాబ్ పొలానికి, ఈ మజ్రాకు, పనివాళ్ళకు వంట చేయమని పంపారు. అప్పటి కాపరి సెలవు మీద పెషావర్ పోయి, విమానాలు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకున్నాడు. ఒకరోజు ఒక మేక ఈనలేక అరుస్తుంటే మగవాళ్ళంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు. సమ్మవ్వ గాజులు పైకి తోసి, చేతికి నూనె రాసుకుని, అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి బయటికి లాగింది. కురుమల ఇంట్లో పుట్టిన మనిషికి అదొక విద్య కాదు. కానీ అర్బాబ్ చూశాడు. మర్నాడే ఆమె చేతికి కర్ర వచ్చింది. ఆడమనిషికి మందనిచ్చాడని చుట్టుపక్కల మజ్రాల వాళ్ళు నవ్వుకున్నారు. నవ్వేవాళ్ళు నవ్వారు, ఈనేవి ఈనాయి. తొంభై మేకలు రెండేళ్ళలో నూట అరవై నాలుగయ్యాయి.

అటువంటి మందను బక్రీదుకు అమ్మేస్తారట.

*

అడ్డుపడినవాడు వేణుగోపాలరావు. కాకినాడ మనిషి, దుబాయ్‌లో తోటలు పెంచే కంపెనీలో పెద్ద ఉద్యోగం. మజ్రాకు నాలుగు కిలోమీటర్ల అవతల అరవై ఎకరాల బీడు వాళ్ళ చేతికి వచ్చింది. ఆ అరవై ఎకరాలూ ముళ్ళచెట్టు కమ్మేసింది. అరబ్బులు గువైఫ్ అంటారు. దాని కింద గడ్డిపోచ బతకదు, దాని వేరు పాకిన చోట బావిలో నీరు నిలవదు.

"ఏవమ్మా, మీరు తెలుగువారటగా?" అంటూ ఆయన కారు దిగాడు. అర్బాబ్‌తో అరబ్బీలో మాట్లాడి ఒప్పించి, ఆ తర్వాత అసలు పని చేసే మనిషి దగ్గరికి వచ్చాడు. ఆ మర్యాద ఆయనకుంది. "బుల్డోజర్ పెడితే ఎకరానికి బోలెడు ఖర్చండి. పోనీ అంతటితో చస్తుందా అంటే, మోడు నుంచి మళ్ళీ చిగురేస్తుంది. మళ్ళీ బుల్డోజర్. అదే మేకలనుకోండి. మా కూలీలు ఒక్కసారి నరుకుతారు, చిగురొచ్చినప్పుడల్లా మీ మేకలు కొరికేస్తాయి. రెండేళ్ళు కొరికాయంటే మోడు దానంతటదే ఎండిపోతుంది. మీ అర్బాబ్‌కి మేత ఖర్చు మిగిలింది, పైన మేమిచ్చేది మిగిలింది, మాకు బుల్డోజర్ ఖర్చులో సగం మిగిలింది. ఒకే దెబ్బకు మూడు పిట్టలు!"

సమ్మవ్వ ఆ బీడు వైపు చెయ్యెత్తి చూపించింది. "గది మా సర్కారు తుమ్మనే గద సారు?"

"అదేనమ్మా, అక్షరాలా అదే."

"చిగురైతే తింటయ్. ముదురాకు ముట్టయ్, చేదు. కాయ రాలిందంటె చిగురు మొకం గూడ సూడయ్. కాయ తియ్యగుంటది."

"మరీ మంచిది. కాయ తింటే గింజ కూడా పోతుందిగా?"

"గింజ పోదు సారు. కడుపుల అరగది. పెంటికెలతోని బయట వడ్తది. ఉత్తగ రాలిన గింజ కన్న గదే బిరాన మొలుస్తది. మేక తిన్నదంటె మనమే ఇత్తనం ఏసినట్టు."

వేణుగోపాలరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. "మరైతే ఏం చెయ్యాలంటారు?"

"కాయ తిన్న మందను ఎనిమిది రోజులు దొడ్లె కట్టెయ్యాలె. కొన్న గడ్డి ఏసి కడుపు కడగాలె. గప్పటిదాంక ఇంకో భూమిల కాలు వెట్టనియ్యొద్దు."

ఆయన కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. కాయల కాలం నెలన్నర, ఎన్నిసార్లు కట్టెయ్యాలి, ఎనిమిదేసి రోజులకు కొన్న మేత ఎంత అని అడుగుతూ వేళ్ళాడించాడు. ఆఖర్న వేళ్ళు ఆగిపోయాయి.

"ఈ ఒక్క వరస పెడితే ప్లానంతా మైనస్‌లోకి పోతోందమ్మా," అన్నాడు. ఒక మీట నొక్కాడు. "తీసేశాను. ముందు మొదలెడదాం. కాయల సంగతి కాయలప్పుడు చూసుకుందాం. ఏమంటారు?"

ఆ వరస ఉంటే మేకలు కటికవాడి దగ్గరికి పోతాయి. ఆ వరస లేకపోతే ఉంటాయి. సమ్మవ్వకు చదువు రాదు గానీ ఇంతమాత్రం లెక్క వచ్చు.

"మీ ఇష్టం సారు," అంది.

*

ఏప్రిల్, మే నెలల్లో అంతా వేణుగోపాలరావు చెప్పినట్టే నడిచింది. నరికిన మోళ్ళకు లేత చిగుళ్ళు వచ్చాయి, మేకలు ఎగబడి తిన్నాయి. ఆయన వారానికోసారి వచ్చి ఫోటోలు తీసుకుని పోయేవాడు. దాణా లారీ రావడం తగ్గిన కొద్దీ అర్బాబ్ ముఖం వికసించింది.

ఒక్క చిక్కు నీళ్ళది. ఎండలు ముదిరాక మందను అంత దూరం నుంచి నీళ్ళ కోసం మజ్రాకు తోలుకొస్తే దారిలోనే పడిపోతాయి. ఆ దారి మధ్యలో కుబ్రా బేగం పొలం ఉంది. ఆరెకరాలు, ఒక బోరు, రేకుల గది. కుబ్రా బేగంది హైదరాబాదు, షాలిబండ. నలభై ఏళ్ళ కింద ఒక ముసలి అరబ్బు పెళ్ళాడి తెచ్చుకున్నాడు. పోతూ పోతూ నలుగురి ముందు ఒక మాట అని పోయాడు: ఆమె సాగు చేసినన్నాళ్ళు ఆ ఆరెకరాలు ఆమెవి. సాగు ఆగిన రోజు సవతి కొడుకులవి. ఆ కొడుకులు ఎప్పుడు ఆగుతుందా అని చూస్తుంటారు. ఆమె ఆపదు. చలికాలం పాలకూర, మెంతికూర, టమాటాలు వేసి అజ్మాన్‌లో తెలుగువాళ్ళ దుకాణాలకు అమ్మేది. వేసవిలో భూమిని ఊరికే వదిలేది.

అంతకు ముందు వేసవిలోనే సమ్మవ్వ ఆమెకు మంద పెట్టించుకోవడం నేర్పింది. సాయంత్రం మందను చేలో దింపితే, తెల్లారేసరికి భూమికి ఎరువు. దానికి బదులు మందకు నీళ్ళు.

"మా దిక్కు ఒక కట్టున్నది ఆపా," అని చెప్పింది సమ్మవ్వ ఆ రోజు. "మంద దిగకముందు చేనుగలామె గట్టు మీద నిలవడి, మంద ఏం మేసిందని అడగాలె. కాపరి నిజం చెప్పాలె. చెప్పినంకనే మొదటి మేక కాలు వెట్టాలె."

"అబద్ధం చెప్తే?"

"చెప్పరు."

అది గొప్పకు చెప్పిన మాట కాదు. సమ్మవ్వ చిన్నప్పుడు వాళ్ళ నాయన ఒక రైతు దగ్గర మూడు బస్తాల జొన్నలకు మంద మాట్లాడుకున్నాడు. గట్టు దాకా వచ్చాక రైతు అడిగితే, తుమ్మ కాయ మేసింది అని చెప్పేశాడు. రైతు వద్దన్నాడు. నాయన వానలో మందను తిప్పుకుని వెనక్కి వచ్చాడు. ఆ పూట ఇంట్లో అందరూ గంజి తాగారు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు.

కుబ్రా బేగంకు ఆ కట్టు తెగ నచ్చింది. రోజూ చున్నీ నడుముకు చుట్టి గట్టు మీద నిలబడి, పెద్ద జమీందారులాగా గొంతు పెంచి, "సమ్మవ్వా! మంద క్యా మేసింది?" అని అడిగేది. "రేగాకు మేసింది ఆపా." "హౌ, దింపు మరి!" ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు కోసమైనా సమ్మవ్వ మందను తొందరగా తోలుకొచ్చేది.

*

జూన్ మూడో వారంలో కాయలు పండాయి. పసుపుపచ్చగా, బెల్లం వాసన వేస్తూ బీడంతా రాలాయి. మేకలు చిగుళ్ళను వదిలేసి రోజంతా కాయలే నమిలాయి.

సమ్మవ్వ వేణుగోపాలరావుకు ఫోను చేయించింది. "కాయలొచ్చినయ్ సారు. కట్టెయ్యాలె."

"బక్రీదు ఇంకా ఇరవై రోజులుందమ్మా," అన్నాడాయన అటునుంచి. "ఇప్పుడు మేత కొనమంటే మీ అర్బాబ్ కొడుకు ఏవంటాడో నేను చెప్పాలా? బక్రీదు దాటించండి. తర్వాత చూద్దాం."

ఆ సాయంత్రం మంద గట్టు దగ్గరికి వచ్చింది. పడమటి ఎండ ఇంకా మండుతోంది, మేకల నాలుకలు బయటికి వేలాడుతున్నాయి. తొట్టి నిండా నీళ్ళు కనబడుతున్నాయి. నీళ్ళ ట్యాంకరు తోలే ఇర్షాద్ బండి ఆపి పైపు చుట్టుకుంటున్నాడు. బోధన్ పిల్లగాడని సమ్మవ్వ అంటుంది గానీ నలభై దాటినవాడే.

"సమ్మవ్వా! మంద క్యా మేసింది?"

నిజం చెబితే మంద దిగదు. మంద దిగకపోతే నీళ్ళు అడిగే ముఖం లేదు. నీళ్ళు లేకపోతే బీడుకు పోవడం లేదు. బీడుకు పోకపోతే ఇరవై రోజుల్లో లారీ వస్తుంది. ఇదంతా ఆమె ఆలోచించలేదు. ఒక్కసారిగా తెలిసింది, అంతే.

"గడ్డి, ఆపా," అంది.

"గడ్డా! షుకర్ హై. దింపు మరి."

మేకలు దిగాయి. ముందు నడిచిన పోతు నోట్లోంచి ఒక పసుపుపచ్చటి కాయ ఇంకా వేలాడుతోంది. కుబ్రా బేగం అప్పటికే తొట్టి వైపు తిరిగింది.

ఇర్షాద్ మెల్లగా పక్కకొచ్చాడు. "అక్కా, గీ ఎండల గడ్డి యాడ దొరికిందే? నాక్కూడ చూపియ్యి, పికప్‌ల ఏస్కపోయి అమ్ముకుంట."

"నీ పని నువ్వు జూస్కో."

"నా పని నేను జూస్కుంటనే ఉన్న. బేగమమ్మ పని ఎవలు జూస్తరు?"

సమ్మవ్వ మేకల వెంట దిగింది.

మొదటి అబద్ధానికి కష్టమైంది. రెండోదానికి కొంచెం తగ్గింది. వారం తిరిగేసరికి, అడిగీ అడగకముందే నాలుక దానంతటదే తిరిగేది. బక్రీదు వచ్చింది. పక్క మజ్రాల నుంచి లారీలు నిండి పోయాయి. తన దొడ్డిలోంచి అర్బాబ్ ఇంటి ఖుర్బానీకి మూడు పోతులు మాత్రం పోయాయి. ఆ రోజు సమ్మవ్వ మేకల మధ్య కూర్చుని ఏడ్చింది, సంతోషానికే. బక్రీదు దాటాక చెబుదామనుకున్న మాట అప్పుడు చెప్పలేదు. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలి? నలభై రెండు సాయంత్రాలు కుబ్రా బేగం అడిగింది. నలభై రెండు సాయంత్రాలు సమ్మవ్వ గడ్డి అంది.

*

సెప్టెంబరు ఆఖర్లో కుబ్రా బేగం ట్రాక్టరు పెట్టి దున్నించింది. పెంటికెలు కలిసి ఇసుక నేల నల్లబడింది. మెంతులు, పాలకూర చల్లి నీళ్ళు వదిలింది. వారం తర్వాత ఇర్షాద్‌తో కబురు పెట్టింది, వచ్చి చూసి పొమ్మని.

"దేఖో సమ్మవ్వా! నలభై ఏళ్ళ నుంచి మెంతి ఏస్తున్న. ఇంత ఒత్తుగా ఎప్పుడూ రాలే. అంతా నీ మంద బరకత్!"

నీటి పైపుల వెంట బారులు బారులుగా మొలకలు. దళసరి ఆకులు రెండేసి. సమ్మవ్వ కూర్చుని ఒకదాన్ని పట్టి లాగింది. పైన వేలెడు మొక్క. కింద జానెడు వేరు వచ్చి, ఇంకా లోపలుండగానే పుటుక్కున తెగింది.

చెప్పడానికి అప్పుడైనా సమయం ఉంది. ఆరెకరాలూ ఆ వారమే మళ్ళీ దున్నిస్తే సగమైనా చచ్చేవి. దున్నించమంటే ఎందుకని అడుగుతుంది.

"గిది కలుపు ఆపా," అంది. "పీకేద్దాం."

పీకారు. ఇద్దరు ఆడవాళ్ళు, నాలుగు చేతులు, ఆరెకరాలు. ఒక వరస పీకి వెనక్కి తిరిగేసరికి తెగిన వేరు మళ్ళీ చిగురించేది. అక్టోబరుకు ముళ్ళు వచ్చాయి. కుబ్రా బేగం అరచేతులు పుండ్లు పడ్డాయి, గుడ్డలు చుట్టుకుని పీకింది. పాలకూర పసుపుపచ్చగా మాడిపోయింది. అజ్మాన్ దుకాణాల వాళ్ళు రెండు వారాలు చూసి, కూర వేరేచోట నుంచి తెప్పించుకున్నారు. నవంబరు వచ్చేసరికి పొలమంతా మోకాలెత్తు సర్కారు తుమ్మ.

అప్పుడు వచ్చాడు పెద్ద సవతి కొడుకు. వెంట వేణుగోపాలరావు. పొడుగాటి తెల్లటి కందూరా అంగీ ముళ్ళకు తగలకుండా ఎత్తి పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ నడిచాడు కొడుకు. సాగు లేదు, తండ్రి మాట తీరిపోయింది, భూమి మాది అన్నాడు. గొంతు పెంచనైనా లేదు. కుబ్రా బేగం గుడ్డలు చుట్టిన చేతులు ముందు పెట్టుకుని నిలబడి వింది.

వేణుగోపాలరావు సమ్మవ్వను చూసి దగ్గరికి వచ్చాడు. "మీ పంట పండిందమ్మా! మొక్కలు లేతగా ఉన్నాయి, మేకలకి సరిగ్గా ఇదే వయసు. ఆరెకరాలు శుభ్రం చెయ్యడానికి మీ అర్బాబ్‌తో మాట్లాడేశాను. వచ్చే ఏడాదికి కూడా ఖాయం. ఇక మీ మంద జోలికి ఎవరూ రారు."

ఇన్నాళ్ళు రాని మాట అప్పుడు వచ్చింది. "సారు, గీ చెట్టు మా మేకలు తెచ్చినయి. నేనే తెచ్చిన."

ఆయన గొంతు తగ్గించాడు. "నాకు తెలీదా? మార్చిలో మీరే కదా చెప్పారు. ఇప్పుడది వాళ్ళకి చెప్తే ఎవరికి లాభం? మీకా, మేకలకా?" అని, కొడుకు వైపు తిరిగి నవ్వుతూ అరబ్బీలో, "మేకలు నెల రోజుల్లో తేల్చేస్తాయంటోంది," అన్నాడు.

తెలుగు తెలిసిన మనిషి ఇంకొకరు అక్కడున్నారని ఆయన మరిచిపోయాడు.

కుబ్రా బేగం మెల్లగా సమ్మవ్వ ముందుకు వచ్చింది. "నేను అడిగిన గదా," అంది. "రోజూ అడిగిన. నువ్వు నేర్పినట్టే నిలవడి అడిగిన."

సమ్మవ్వ ఆమె చేతుల గుడ్డల వైపు చూసింది.

"చెప్పేదుండె. నీళ్ళు మాత్రం ఇస్తుంటి. మందను గట్టు మీదనే ఆపి నీళ్ళు తాపి పంపుతుంటి. మేకలు నీళ్ళకొస్తే వద్దంటరా ఎవలన్న?"

ఆ ఒక్క సంగతి సమ్మవ్వకు తట్టనేలేదు. నలభై రెండు రోజుల్లో ఒక్కసారీ తట్టలేదు. మంద దిగకుండా నీళ్ళు అడిగే ముఖం లేదనుకుంది. ఎదుటి మనిషి ముఖం చూడలేదు.

కుబ్రా బేగం సవతి కొడుకుకు అరబ్బీలో ఏదో చెప్పింది. అతను భుజాలెగరేశాడు. "మేకలు తెస్తేనేం, గాలి తెస్తేనేం? చూసుకోవాల్సింది నువ్వు," అన్నాడు.

వారంలో ఆమెను అజ్మాన్ తీసుకుపోయారు. కొడుకు ఇంట్లో వెనకవైపు గది, ఏడో అంతస్తు. సామాను ఇర్షాదే పికప్‌లో వేసుకుపోయాడు. అప్పటి నుంచి అతను ఆమెను అక్కా అని పిలవడం మానేశాడు.

మంద ఆరెకరాల్లో దిగింది. ఎవరూ ఏమీ అడగలేదు. మేకలు దిగీ దిగగానే మూలన మిగిలిన నాలుగు టమాటా మొక్కలను, గది పక్కనున్న కరివేపాకు చెట్టును మొదటి పూటే మోడు చేశాయి. ఆ తర్వాతే తుమ్మ వైపు చూశాయి.

సమ్మవ్వ మందను నీడకు తోలి, పార తీసుకుని తుమ్మ మొక్కలను వేర్లతో తవ్వడం మొదలుపెట్టింది. రోజుకు ఒక వరస. నాలుగో రోజు సవతి కొడుకు కారాపి, ఆ పనికి మేకలకు డబ్బులిస్తున్నాం, నువ్వెందుకు తవ్వడం అని అడిగాడు. ఆమె తల వంచుకుని తవ్వుతూనే ఉంది. పది రోజుల్లో పది వరసలు అయ్యాయి. మొదటి వరసలో అప్పటికే మళ్ళీ పచ్చగా కనబడుతోంది.

పదకొండో రోజు రెండు మేకలు ఈనాయి. సమ్మవ్వ వాటి దగ్గరే ఉండి, పార తీయలేదు. ఆ మర్నాడూ తీయలేదు.